ఇండీ ఎల్‌పీలు కొనడం, వినడం, నలుగురికీ పంచడం ఎలా

"ఎల్‌పీలు కొనడం మొదలుపెడదామనుకుంటున్నా అన్నా, ముందు ఏం చేయాలి?" ఈ ఏడాదిలో ఈ మాట నన్ను ఓ పదిమందైనా అడిగి ఉంటారు. సియాటిల్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళే కాదు, హైదరాబాద్ నుంచి కూడా అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే మొత్తం ఒకచోట రాసేస్తే మేలనిపించింది. ఎల్‌పీ అంటే టర్న్‌టేబుల్ మీద వేసుకుని వినే పెద్ద వినైల్ రికార్డు. నేను చెప్పేది ఆల్టర్నేటివ్, ఇండిపెండెంట్ (ఇండీ) సంగీతం గురించి. పెద్ద కంపెనీల అండ లేకుండా ఇద్దరు ముగ్గురు మనుషులు ఒక చిన్న గదిలో కూర్చుని నడిపిన లేబుళ్ళు (రికార్డులు వేసి అమ్మే కంపెనీలు), వెయ్యి కాపీలో రెండు వేల కాపీలో వేసి చేతుల మీదుగా అమ్ముకున్న రికార్డులు, వాటి గురించి.

ఇంకో విషయం ముందే చెప్పేస్తా. నాకు తెలిసినవాళ్ళలో ఈ అలవాటు రెండేళ్ళకే వదిలేసినవాళ్ళంతా ఒంటరిగా కొని ఒంటరిగా విన్నవాళ్ళే. అల్మరా నిండింది, మోజు తీరింది, అంతే. అందుకని కొనడం గురించి ఎంత రాస్తానో పంచుకోవడం గురించీ అంతే రాస్తా. ఆ భాగం దాటేయకండి.

ముందు ఒక దారం పట్టుకోండి

చాలామంది "జీవితంలో వినాల్సిన 100 ఆల్బమ్‌లు" లాంటి పట్టిక ఒకటి ముందేసుకుని వరసగా కొనడం మొదలుపెడతారు. అలా చేయకండి. ఆ వంద ఆల్బమ్‌లకీ ఒకదానితో ఒకదానికి చుట్టరికం ఉండదు, పదో రికార్డుకి వచ్చేసరికి ఏం కొన్నారో ఎందుకు కొన్నారో మీకే గుర్తుండదు. దానికి బదులు ఒక లేబులో, ఒక ఊరో పట్టుకోండి. మన దగ్గర కొత్తవాళ్ళు కనిపిస్తే "ఎవరింటి అబ్బాయివి బాబూ" అని అడుగుతారు చూడండి, అలాగే రికార్డు చేతికి రాగానే వెనక్కి తిప్పి ఏ లేబులో చూడండి. ఎవరు రికార్డు చేశారు, ఏ స్టూడియోలో, ఎవరికి థాంక్స్ చెప్పారు, అన్నీ చదవండి. ఆ థాంక్స్ పేర్లలోనే మీరు తర్వాత కొనబోయే మూడు రికార్డులు దొరుకుతాయి.

నేను పట్టుకున్న దారం సియాటిల్ నుంచి ఒలింపియా దాకా, ఐ-5 హైవే మీద గంట, గంటన్నర ప్రయాణం. ఒలింపియాలో 1982లో కాల్విన్ జాన్సన్ కే రికార్డ్స్ అనే లేబుల్ మొదలుపెట్టాడు. అదే ఊళ్ళో 1991లో కిల్ రాక్ స్టార్స్ అనే లేబుల్ వచ్చింది. బ్రూస్ పావిట్ ఒలింపియాలో నడిపిన చిన్న పత్రిక పేరే తర్వాత సియాటిల్‌లో సబ్ పాప్ లేబుల్ అయింది, 1988లో జొనాథన్ పోన్‌మన్‌తో కలిసి దాన్ని పూర్తిస్థాయి కంపెనీగా నడపడం మొదలుపెట్టాడు. ఇవన్నీ ఒకరికొకరు తెలిసిన మనుషుల పనులు, అందుకే ఒక రికార్డు వింటే ఇంకొకటి వినాలనిపిస్తుంది. మోడెస్ట్ మౌస్ అనే బ్యాండ్ సియాటిల్ పక్కనున్న ఇస్సక్వా ఊరి పిల్లలది, ఇవాళ మన తెలుగు కుటుంబాలు అంతమంది ఉంటున్న ఇస్సక్వానే. వాళ్ళు 1997లో అప్ రికార్డ్స్ అనే చిన్న సియాటిల్ లేబుల్ మీద వేసిన రెండు ఎల్‌పీల ఆల్బమ్ నిండా కొత్తగా పుట్టుకొస్తున్న షాపింగ్ కాంప్లెక్సులు, పార్కింగ్ స్థలాలు, ఖాళీ అవుతున్న నేల. నేను రోజూ నడిచే రోడ్ల మీద ఇరవై ఏళ్ళ ముందు ఒక కుర్రాడు ఇంత కోపంగా పాడాడా అనుకుంటూ విన్నా. మీరుండే ఊరితో ముడిపడిన రికార్డుకి అలాంటి బలం ఉంటుంది.

మీరు వేరే ఊళ్ళో ఉంటే అక్కడి దారం వెతకండి. నార్త్ కరోలినాలో ర్యాలీ, క్యారీ వైపు ఉంటే మెర్జ్ రికార్డ్స్ మీ పక్కదే, 1989లో చాపెల్ హిల్‌లో ఇద్దరు బ్యాండు సభ్యులు మొదలుపెట్టింది. న్యూజెర్సీలో ఉంటే హొబోకెన్‌లో బార్/నన్ అనే లేబుల్ ఉంది, యో లా టెంగో కూడా ఆ ఊళ్ళో పుట్టిన బ్యాండే. వాషింగ్టన్ డీసీ అయితే 1980లో మొదలైన డిస్కార్డ్ లేబుల్. షికాగో అయితే టచ్ అండ్ గో, డ్రాగ్ సిటీ, థ్రిల్ జాకీ, అక్కడ దారాలకి కొదవే లేదు. లండన్‌లో ఉన్నవాళ్ళకి 1976లో తెరిచిన రఫ్ ట్రేడ్ షాపు నుంచి మొదలుపెడితే ఒక జన్మ సరిపోదు. ఇండియాలో ఉంటే ఢిల్లీ బ్యాండ్ పీటర్ క్యాట్ రికార్డింగ్ కంపెనీ ఎల్‌పీలు ఫ్రెంచి లేబుల్ ఒకటి వేసింది, అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.

దారం దొరికాక పది రికార్డుల పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఒక్కోదాన్ని బ్యాండ్‌క్యాంప్‌లోనో (బ్యాండ్లు తమ పాటలు నేరుగా అమ్ముకునే సైటు) ఇంకెక్కడైనానో మూడుసార్లు పూర్తిగా వినండి, మూడోసారి కూడా మధ్యలో ఆపబుద్ధి కాకపోతే అప్పుడు కొనండి. ఇంత కఠినం ఎందుకంటే కొత్త ఎల్‌పీ ఒకటి 25 డాలర్లకి అటూ ఇటూ ఉంటుంది, రెండు డిస్కులదైతే 35, 40. ఆలోచించకుండా కొంటూ పోతే నెల తిరిగేసరికి కార్డు బిల్లు చూసి టెన్షన్ పడతారు.

మెషీన్

మూడు వస్తువులు కావాలి: రికార్డు తిప్పే టర్న్‌టేబుల్, సూది నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచే ఫోనో ప్రీఆంప్, స్పీకర్లు. ప్రీఆంప్ చాలా టర్న్‌టేబుళ్ళలో లోపలే ఉంటుంది, అలాంటిదైతే సొంత ఆంప్లిఫయర్ ఉన్న స్పీకర్లకి నేరుగా తగిలించేయొచ్చు.

సూట్‌కేసు ఆకారంలో రంగురంగుల్లో ముద్దుగా వచ్చే చవక ప్లేయర్లు మాత్రం కొనకండి. వాటిలో చాలావాటికి సూది బరువు ఎక్కువ, ఆ బరువు తగ్గించుకునే వీలుండదు. మొదటిసారి కొనేవాళ్ళకి ఆడియో టెక్నికా ఎల్‌పీ60ఎక్స్ లాంటిది చాలు, బటన్ నొక్కితే సూది ఉన్న చేయి దానంతటదే వెళ్ళి రికార్డు మీద వాలుతుంది, మీరు సర్దాల్సిందేమీ లేదు. కొంచెం ఎక్కువ పెట్టగలిగితే బరువు సర్దుకునే వీలున్న టర్న్‌టేబుల్, ఆడియో టెక్నికా వీఎం95ఈ కార్ట్రిడ్జ్‌తో (చేయి కొసన సూది అమరే ముక్క) తీసుకోండి. దాని సూది అరిగితే సూది మటుకే మార్చుకోవచ్చు, సుమారు 300 గంటలు పనిచేస్తుంది. ఒక ఎల్‌పీ 40 నిమిషాలనుకుంటే 450 సార్లు వేసుకోవచ్చన్నమాట.

బరువు సర్దడం అంటే అందరూ భయపడతారు, నిజానికి మన కిరాణా కొట్టు త్రాసు పనే అది. ముందు యాంటీ స్కేటింగ్ (చేయి లోపలికి లాగకుండా ఆపే సర్దుబాటు) సున్నాలో పెట్టండి. సూది మూత తీసేసి, చేయిని దాని స్టాండు నుంచి విడిపించి, వేలితో కింద ఆనించి పట్టుకోండి. వెనకున్న గుండ్రటి బరువును మెల్లగా తిప్పుతూ పోతే ఒకచోట చేయి పైకీ పోకుండా కిందికీ పోకుండా గాలిలో సమంగా తేలుతుంది, త్రాసు ముల్లు నిట్టనిలువుగా నిలబడ్డట్టు. అక్కడ ఆపండి. చేయిని మళ్ళీ స్టాండులో పెట్టి, బరువు కదలకుండా పట్టుకుని, దాని ముందున్న అంకెల చక్రాన్ని మాత్రం సున్నాకి తెండి. ఇప్పుడు బరువునీ చక్రాన్నీ కలిపి 2 దగ్గరికి తిప్పండి. అది 2 గ్రాములు, వీఎం95ఈకి కావాల్సింది అంతే. యాంటీ స్కేటింగ్ కూడా 2లో పెడితే పని అయిపోయినట్టే. తేలిగ్గా పెడితే రికార్డు తక్కువ అరుగుతుందని కొందరు ఒక గ్రాముకి దించేస్తారు. అది పొరపాటు, సూది గాడిలో కుదురుగా నిలవక ఎగిరెగిరి పడి గాడి గోడల్ని కొట్టేస్తుంది.

అమెరికాలో కొన్న టర్న్‌టేబుల్ ఇండియాకి తీసుకెళ్ళేవాళ్ళు ఒకటి చూసుకోవాలి. అడాప్టర్ మీద "100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్" అని ఉంటే నిశ్చింతగా తీసుకెళ్ళండి, పిన్ను మారిస్తే చాలు. అలా కాకుండా నేరుగా 120 వోల్టుల గోడ కరెంటుతో తిరిగే పాత రకం ఏసీ మోటారైతే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా పని జరగదు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు తగ్గిస్తుంది కానీ 50 హెర్ట్జ్‌ని 60 చేయలేదు. ఆ మోటార్ల వేగం హెర్ట్జ్‌ని బట్టే ఉంటుంది కాబట్టి 33 చుట్లు తిరగాల్సిన రికార్డు నిమిషానికి 28 చుట్లు కూడా తిరగదు, గొంతులన్నీ నిద్రమత్తులో పాడుతున్నట్టు సాగిపోతాయి. కొన్ని కంపెనీలు 50 హెర్ట్జ్‌కి సరిపోయే పుల్లీ (మోటారు మీద బెల్టు తిరిగే చిన్న చక్రం) విడిగా అమ్ముతాయి, అది దొరుకుతుందో లేదో కనుక్కున్నాకే పెట్టెలో పెట్టండి.

కొనడం

వీలైతే షాపుకి వెళ్ళి కొనండి. సియాటిల్‌లో ఉంటే వెస్ట్ సియాటిల్‌లో ఈజీ స్ట్రీట్, బల్లార్డ్‌లో సోనిక్ బూమ్. సియాటిల్ సెంటర్‌లో కేఈఎక్స్‌పీ రేడియో స్టేషన్ ముందు హాలు అందరికీ తెరిచే ఉంటుంది, కాఫీ తాగుతూ అద్దంలోంచి లోపల డీజే పాటలు వేయడం చూడొచ్చు. షాపులో పనిచేసేవాళ్ళతో మాట్లాడండి. "నాకు ఫలానాది నచ్చింది, దాని పక్కన ఏం పెట్టుకోవచ్చు" అని అడగండి. మనవాళ్ళు చాలామంది మొహమాటపడి అడగకుండా వచ్చేస్తారు. నాకున్న మంచి రికార్డుల్లో సగం అలా అడిగి తెచ్చుకున్నవే.

సెకండ్ హ్యాండ్ రికార్డు చూడటానికి ఒక పద్ధతి ఉంది. అడిగి అట్టలోంచి బయటికి తీయండి. దీపం కిందకి పట్టుకుని కొద్దిగా వాల్చి చూడండి. సన్నటి వెంట్రుకల్లాంటి గీతలు ఉన్నా పరవాలేదు, చాలావరకు వినిపించవు. గాడులకి అడ్డంగా, వేలి కొసకి తగిలేంత లోతు గీత ఉంటే టక్ టక్ టక్ మని ప్రతి చుట్టుకీ వినిపిస్తుంది, వదిలేయండి. తర్వాత కంటికి సమంగా అంచు మీదుగా చూస్తే వంకర తెలిసిపోతుంది. చివరగా మధ్యలో చిల్లు చుట్టూ ఉండే గుండ్రటి కాగితం లేబుల్ మీద చూడండి, రికార్డు పెట్టేటప్పుడు చిల్లు దొరక్క తడుముకున్న సన్నటి గీతలు ఉంటాయి. అవి గుంపుగా ఉంటే ఆ రికార్డు ఎన్నో చేతులు మారి ఎన్నోసార్లు తిరిగిందని అర్థం. అట్ట కొత్తగా మెరుస్తున్నా ఈ గీతలు అబద్ధం చెప్పవు.

ఇంకాస్త లోపలికి, ఆఖరి పాట అయిపోయాక లేబుల్‌కి ముందు నున్నటి ఖాళీ పట్టీ ఉంటుంది. దీపం కింద తిప్పి చూస్తే అక్కడ చేత్తో గీకిన అంకెలు, ఇనీషియల్స్, ఒక్కోసారి ఒక చిన్న వాక్యం కూడా కనిపిస్తుంది. ముద్రణకి ముందు మూల డిస్కు మీద గాడులు కోసిన ఇంజినీరు రాసినవి అవి. అది ఏ ముద్రణో తేల్చేది ఆ అంకెలే. డిస్కాగ్స్ అనే సైటు 2000లో పోర్ట్‌లాండ్‌లో కెవిన్ లెవాండోస్కీ మొదలుపెట్టింది, అందులో ఆ అంకెలు కొడితే మీ చేతిలో ఉన్నది మొదటి ముద్రణో, తర్వాతదో, దొంగ కాపీనో చాలావరకు తెలిసిపోతుంది. నేను ప్రతి కొత్త రికార్డుకీ ముందు చేసే పని ఇదే, పాట కంటే ముందు ఆ పట్టీ చదువుతా.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు గ్రేడుల భాష తెలియాలి. మింట్, నియర్ మింట్, వీజీ (వెరీ గుడ్) ప్లస్, వీజీ, గుడ్, ఫెయిర్, పూర్, ఇదీ వరస. ఇక్కడ "గుడ్" అంటే బాగుందని కాదు, పాట వెనక చిటపటలు గట్టిగానే వినిపించే రికార్డు అది. వినడానికి కొనేవాళ్ళు వీజీ ప్లస్ కంటే దిగకండి. అట్టకి వేరే గ్రేడు, డిస్కుకి వేరే గ్రేడు ఉంటుంది, రెండూ చదవండి. ఒకసారి నేను ఒక అమ్మకందారుకి రాసి అడగకుండా కొన్నా, పల్చటి అట్టపెట్టెలో ఏ దన్నూ లేకుండా పంపించాడు, మూల నలిగిపోయి, లోపల డిస్కు కదిలి కదిలి అట్ట పైఅంచు చీలి వచ్చింది. అప్పటి నుంచి డబ్బు కట్టేముందే "డిస్కు అట్ట బయట పెట్టి, రెండు వైపులా గట్టి అట్టముక్కలు పెట్టి పంపుతారా" అని అడుగుతున్నా. మంచి అమ్మకందారులు ఎవరూ విసుక్కోరు.

మొదటి ముద్రణల వెంట పడొద్దు. నిర్వాణా అనే బ్యాండ్ మొదటి సింగిల్ (ఒకటి రెండు పాటల చిన్న రికార్డు) సబ్ పాప్ 1988 నవంబరులో వెయ్యి కాపీలే, చేత్తో నంబర్లు వేసి అమ్మింది, ఇవాళ దాని ధర వేల డాలర్లు. వాళ్ళ మొదటి ఆల్బమ్ 606 డాలర్ల 17 సెంట్లతో రికార్డు చేశారు, దాని మొదటి వెయ్యి కాపీలు తెల్ల డిస్కు. ఇవి తెలుసుకుని ఆనందించాల్సిన విషయాలు, అప్పు చేసి కొనాల్సినవి కావు. అదే ఆల్బమ్ ఇప్పటి ముద్రణ మామూలు ధరకే దొరుకుతుంది, చక్కగా వినిపిస్తుంది. మిగిలిన డబ్బుతో ఇవాళ పాడుతున్న చిన్న బ్యాండ్లవి కొనండి. కచేరీకి వెళ్తే బయట బల్ల మీద వాళ్ళే అమ్ముతుంటారు, అక్కడ కొంటే డబ్బులో ఎక్కువ భాగం వాళ్ళకే చేరుతుంది.

ఏప్రిల్‌లో వచ్చే రికార్డ్ స్టోర్ డే 2008 నుంచి జరుగుతోంది. ఆ రోజు సందడి చూడటానికి వెళ్ళండి, కానీ పరిమిత ముద్రణ అన్న స్టిక్కరు చూసి ఏదీ తీసుకోకండి. వారం ఆగి వెళ్తే మిగిలినవి ప్రశాంతంగా చూడొచ్చు.

కడగడం, దాచడం

కొత్తదైనా పాతదైనా మొదటిసారి వేసేముందు శుభ్రం చేయండి. కార్బన్ ఫైబర్ బ్రష్ ప్రతిసారీ. తడిగా కడగాలంటే డిస్టిల్డ్ వాటర్, రికార్డుల కోసం అమ్మే ద్రవం రెండు చుక్కలు, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ. గుండ్రంగా, గాడి వెంటే తుడవాలి, అడ్డంగా కాదు. లేబుల్ తడవకూడదు. కుళాయి నీళ్ళు వద్దు, మన ఊళ్ళ బోరు నీళ్ళయితే అసలే వద్దు, ఆరాక ఉప్పు తెల్లగా గాడుల్లో మిగిలిపోతుంది. ఇంట్లో తాతల కాలం నాటి 78 చుట్ల లక్క ప్లేట్లు ఉంటే వాటికి ఆల్కహాల్ ఉన్న ద్రవం ఏదీ తగలనివ్వకండి, లక్క కరిగిపోతుంది.

నిలువుగా పెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చకండి. ఒక ఎల్‌పీ అట్టతో కలిపి పావుకిలో, మందం డిస్కు అయితే 300 గ్రాములు, కాబట్టి యాభై రికార్డులంటే 12, 15 కిలోలు, పల్చటి చెక్క అల్మరా వంగిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్ళలో గాలిలో తేమకి అట్టలకి బూజు పడుతుంది, గోడకి ఆనించకుండా నాలుగు వేళ్ళ ఖాళీ వదలండి. ఎండ సంగతి చెప్పక్కర్లేదు. ఒక జులై మధ్యాహ్నం నేను నాలుగు రికార్డులు కారు వెనక సీట్లో పెట్టి రెండు గంటలు మర్చిపోయా. ఒలింపియా దాకా వెళ్ళి కొన్నవి. ఇంటికొచ్చి తీస్తే అంచులు అప్పడంలా లేచిపోయి ఉన్నాయి, ఒక్కటీ బాగుపడలేదు.

పంచుకోవడం

ఇక నాకు ఇష్టమైన చోటికి వచ్చాం.

పోయిన వేసవిలో మా నాన్న వచ్చి ఆరు నెలలు ఉన్నాడు. ఒకరోజు నేను ఆఫీసు కాల్‌లో ఉండగా ఆయన అల్మరా దగ్గరికెళ్ళి ఒక రికార్డు తీశాడు. తీసిన తీరు చూసి నేను కాల్ మ్యూట్ చేసి నిలబడిపోయా. అట్టని పొట్టకి ఆనించి కొద్దిగా నొక్కితే దాని నోరు తెరుచుకుంది, డిస్కుని అరచేతిలోకి జారనిచ్చి, బొటనవేలు అంచుకి, మిగతా వేళ్ళు మధ్య లేబుల్ కిందకి. గాడికి ఒక్క వేలు తగల్లేదు. తెనాలి దగ్గర మా ఊళ్ళో కుర్రతనంలో పెళ్ళిళ్ళకి మైకు సెట్టు ఆయన పక్కన కూర్చుని రికార్డులు అందించేవాడట. కొబ్బరిచెట్టుకి కట్టిన హారన్‌లోంచి ఊరంతా వినేదట. ఆ మైకు సెట్టు ఆయన ప్రతి అట్ట మీదా ఒక నంబరు కాగితం అతికించి, పొడుగాటి నోటు పుస్తకంలో నంబరు, పాట మొదటి మాట, ఎవరి పెళ్ళికి వేశాడో రాసుకునేవాడని చెప్పాడు. ఆ రోజు నాన్న తీసింది స్లేటర్-కిన్నీ అనే బ్యాండ్ ఆల్బమ్. "ఈ అమ్మాయిలు ఇంత గట్టిగా పాడుతున్నారు, ఎవర్రా వీళ్ళు" అన్నాడు. ఆ శనివారమే కారులో ఐ-5 మీద తీసుకెళ్ళి 108వ ఎగ్జిట్ బోర్డు చూపించా, స్లేటర్ కిన్నీ రోడ్డు. బ్యాండు పేరు ఆ రోడ్డు పేరే. నాన్న ఆ బోర్డుని ఫోనులో ఫోటో తీసి ఊళ్ళో స్నేహితులకి పంపించాడు.

మైకు సెట్టు ఆయన నోటు పుస్తకం పద్ధతి నేను ఆ వారమే మొదలుపెట్టా, మీరూ పెట్టండి. ప్రతి రికార్డుకీ ఒక నంబరు, పెన్సిల్‌తో, అట్ట మీద కాదు, బయటి ప్లాస్టిక్ కవరు మీద చిన్న కాగితంతో. పుస్తకంలో ఆ నంబరు ఎదురుగా ఎప్పుడు కొన్నా, ఎవరితో విన్నా, ఎవరికిచ్చా, ఎప్పుడు తిరిగొచ్చింది. ఎవరికైనా ఇచ్చేటప్పుడు వాళ్ళ చేతే రాయించండి. అడిగి గుర్తుచేయాల్సిన అవసరం సగం తగ్గిపోతుంది, స్నేహం చెడదు. ఒకటి గట్టిగా పాటించండి: వాళ్ళింట్లో టర్న్‌టేబుల్ సూది ఎలా ఉందో చూడకుండా రికార్డు ఇవ్వకండి. అరిగిన సూది ఒక్కసారిలో గాడి పాడుచేస్తుంది. "ముందు మీ మెషీన్ సెట్ చేసి పెడతా" అని వెళ్ళి, పైన చెప్పిన బరువు సర్ది, అప్పుడు ఇవ్వండి.

రెండోది ఇంట్లో పాటల సాయంత్రం. ఆరుగురికి మించి పిలవకండి. ఒక్కొక్కరూ ఒక రికార్డు తెచ్చుకోవాలి, ఒక వైపు మాత్రమే వేయాలి. ఒక వైపు ఇరవై నిమిషాలు, ఆరుగురికి రెండు గంటలు, మధ్యలో టీ. పాట నడుస్తుండగా ఫోనులు పక్క గదిలో. తెచ్చినవాళ్ళు వేసేముందు రెండు ముక్కలు చెప్పాలి: ఎక్కడ దొరికింది, ఎందుకు తెచ్చా. నచ్చకపోయినా వైపు పూర్తయ్యేదాకా ఎవరూ ఆపమనకూడదు. మొదటిసారి పిలిచినప్పుడు తినడానికి మరీ పెద్దగా ఏర్పాట్లు చేయకండి, పునుగులు వేసే హడావిడిలో సగం పాటలు వంటగదిలోనే అయిపోతాయి. ముందే చేసి పెట్టిన పులిహోర మంచిది. కాకపోతే చేతులు కడుక్కుని తుడుచుకున్నాకే రికార్డు ముట్టుకోవాలి. పిల్లలుంటే దూరంగా తోలకండి. ఏడెనిమిదేళ్ళ పిల్లలకి చేయి లివర్ ఎత్తి దించడం నేర్పిస్తే పెద్దవాళ్ళకంటే జాగ్రత్తగా చేస్తారు.

మూడోది మా చీటీ. దూరంగా ఉన్న స్నేహితులతో ఇది పెట్టుకోండి, నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే సంతోషం ఇచ్చింది ఇదే. మేం ఆరుగురం, సియాటిల్ దగ్గర ఇద్దరం, డల్లాస్‌లో ఇద్దరు, క్యారీలో ఒకరు, న్యూజెర్సీలో ఒకరు. నెలకొకరి వంతు. వంతు వచ్చినవాళ్ళకి మిగతా ఐదుగురూ తలా ఒక రికార్డు పంపుతారు. 20 డాలర్లు దాటకూడదు, పంపేవాళ్ళు తాము విని ఇష్టపడ్డదై ఉండాలి, ఒక కాగితం మీద చేత్తో నాలుగు మాటలు రాసి పెట్టాలి. ఆరు నెలల్లో ఒక చుట్టు పూర్తవుతుంది, అందరికీ ఐదేసి రికార్డులు. మామూలు చీటీలో పాట పాడితే డబ్బొస్తుంది, ఇక్కడ పాటలే వస్తాయి. న్యూజెర్సీ స్నేహితురాలు పంపిన ఫీలీస్ అనే బ్యాండ్ ఎల్‌పీ ఒకటి ఉంది, 1986 నాటిది, బార్/నన్ 2009లో మళ్ళీ వేసింది. అందులో ఆమె పెట్టిన కాగితం మీద "వాన పడుతున్నప్పుడు రెండో వైపు ముందు వేయి, గిటార్లు రెండూ ఎప్పుడు విడిపోతాయో చూడు" అని ఉంది. సియాటిల్‌లో వానకి కరువా. ఆ కాగితం ఇప్పటికీ అట్టలోనే ఉంది, ఆ రికార్డు ఎవరికిచ్చినా కాగితంతో సహా ఇస్తా, తీసుకున్నవాళ్ళు కింద తమ మాట ఒకటి రాసి తిరిగిస్తారు.

రికార్డుల్లోంచి పాటలు కంప్యూటర్లోకి ఎక్కించి పంపమని కొందరు అడుగుతారు. మీ కోసం దాచుకోవడానికి చేసుకోండి, కానీ చిన్న బ్యాండ్ల పాటలు అలా పంచకండి, వాళ్ళకి ఒక్కో అమ్మకం లెక్కే. వాళ్ళ బ్యాండ్‌క్యాంప్ పేజీ లింకు పంపండి.

పోస్టులో పంపడం, ఇండియాకి మోసుకెళ్ళడం

పోస్టుకి: డిస్కుని లోపలి కవరుతో సహా అట్టలోంచి బయటికి తీసి, అట్ట వెనక పెట్టండి, రెండిటినీ కలిపి ఒక ప్లాస్టిక్ కవరులో వేయండి. ముందూ వెనకా ఎల్‌పీ సైజు గట్టి అట్టముక్కలు, వాటి మడతల గీతలు ఒకదానికొకటి అడ్డంగా ఉండేలా పెట్టండి, అప్పుడు వంగదు. రికార్డుల కోసమే అమ్మే పెట్టెలో పెట్టి, కదలకుండా నింపి, మూలలకి టేపు. ఊపి చూస్తే చప్పుడు రాకూడదు. అమెరికా లోపల అయితే పోస్టాఫీసులో మీడియా మెయిల్ అడగండి, రికార్డులకి అది వర్తిస్తుంది, చవక, కాకపోతే మెల్లగా వెళ్తుంది. ఎండాకాలంలో సోమవారం పంపండి, శని ఆదివారాలు ఏ వేడి గోడౌన్‌లోనూ పడుండకుండా.

ఇండియాకి వెళ్ళేటప్పుడు కిలోకి నాలుగు ఎల్‌పీలు లెక్కేసుకోండి. పదీ పన్నెండు అయితే చేతిసంచిలోనే, వీపుకి ఆనే వైపు నిలువుగా, లాప్‌టాప్ పక్కన. ఎక్కువైతే 23 కిలోల పెట్టెలో సరిగ్గా మధ్యలో, కింద బట్టలు, పైన బట్టలు, చుట్టూ తువ్వాళ్ళు, పెట్టె చక్రాల వైపు మాత్రం పెట్టకండి, ఎత్తి పడేసినప్పుడు దెబ్బంతా అక్కడే తగులుతుంది. ఆవకాయ సీసా అదే పెట్టెలో తిరుగు ప్రయాణానికి కూడా వద్దు. దిగాక వెంటనే వేయకండి, ఒక రాత్రి గది వేడికి అలవాటు పడనివ్వండి. మర్నాడు పొద్దున్నే ఎండ రాకముందు, బ్రష్‌తో ఒకసారి తుడిచి, ఇంట్లో వాళ్ళందరినీ కూర్చోబెట్టి మొదటి వైపు వేయండి.